బరువు పెరిగిన మేజోడు

లోకంలో ఎవరైనా పని సరిగ్గా చేస్తే వస్తువు బాగుపడుతుంది. చిల్లు మాస్టారు పని సరిగ్గా చేస్తే వస్తువు పాడవుతుంది. మేజోళ్ళు అల్లే మిల్లులో ఆయనది నడిచే ఉద్యోగం. కొండలెక్కేవాళ్ళ కోసం మిల్లు కొత్త రకం అల్లినప్పుడల్లా మొదటి జత ఆయన కాళ్ళకే. వాటిని తొడుక్కుని, పైన బూట్లు బిగించి, ఊరి వెనక గుట్ట మీదికి పోయే కంకరదారి పట్టి ఎక్కుతాడు, దిగుతాడు, మర్నాడు మళ్ళీ ఎక్కుతాడు. ఎండా వానా మంచూ ఏదీ ఆయనకు లెక్కలేదు. ఏదో ఒకనాటికి మడమ దగ్గరో, బొటనవేలి కిందో చిల్లు పడుతుంది. ఆ చిల్లును పసిబిడ్డను తెచ్చినంత భద్రంగా మిల్లుకు తెచ్చి, బల్లమీద పెట్టి, "ఇదుగో, వచ్చింది" అంటాడు. ఆయన పేరులో మాస్టారన్నది మర్యాద కోసం, చిల్లన్నది ప్రేమకొద్దీ మిల్లువాళ్ళు తగిలించారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళు కూడా మర్చిపోయారు.

మిల్లు వాడేది మెరీనో ఉన్ని. గొర్రెల్లో సున్నితమైన జాతి ఒంటిమీది ఉన్ని అది. గుచ్చుకోదు, చెమట పీల్చుకుంటుంది, నాలుగు రోజులు వరసగా తొడిగినా కంపు కొట్టదు. ఉన్నదల్లా ఒకటే లోపం, మెత్తనివాళ్ళందరికీ ఉండేదే: ఒరిపిడికి ఆగలేదు. అందుకని నైలాన్ దారం తోడిచ్చి అల్లుతారు. ఎంత తోడివ్వాలన్నదే ఆ మిల్లులో ఎడతెగని గొడవ. నైలాన్ ఎక్కువైతే కాలికి గరుకు, తక్కువైతే మాస్టారికి చిల్లు.

చిల్లంటే ఏదిపడితే అది చిల్లు కాదు. ఇంట్లో ఒక విద్యుద్దీపానికి మేజోడు తొడిగి చూస్తాడాయన. పల్చబడిన చోట వెలుగు కారుతుంది. అలా కారినంత మాత్రాన సరిపోదు. ఆయన జేబులో ఒక గాజు గోళీ ఉంటుంది. అది దూరితేనే చిల్లు, అందాకా నడక ఆగదు. ఇంకో నియమం కూడా ఉంది. మిల్లులో ఉతికే గది ఉన్నా, పరీక్ష జతను అక్కడ ఉతకనివ్వడు. "కొన్నవాడు ఇంట్లో ఉతుక్కుంటాడా, మీ గదికొచ్చి ఉతుక్కుంటాడా?" అని అడుగుతాడు. కాబట్టి పరీక్ష జత ఆయన ఇంట్లోనే ఉతకాలి. ఈ నియమం పెట్టింది ఆయనేనని గుర్తుంచుకోండి, తర్వాత ఆయనకు గుర్తు చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు నడుస్తున్న జతది బూడిదరంగు. చలికాలం ఒకటి పోయింది, రెండు పోయాయి, మూడోదీ ముగింపుకొచ్చింది. గోళీ మాట దేవుడెరుగు, దీపానికి తొడిగితే వెలుగుచుక్క కూడా కారలేదు. మిల్లులో అందరూ ఆయన్ని ఆడుకోవడం మొదలుపెట్టారు. గుట్ట కింద టీ తాగుతూ కూర్చుని సాయంత్రానికి దుమ్ము పూసుకొస్తున్నారేమో మాస్టారూ అని ఒకరు, చిల్లు పడకపోతే పేరు మార్చుకోవాలి కదండీ పాపం అని ఇంకొకరు. ఆయన మొదట్లో నవ్వాడు, తర్వాత గొణిగాడు. మూడో చలికాలం వచ్చేసరికి, ఎందుకు దాచాలి, గర్వపడటం మొదలుపెట్టాడు. దారంలో నైలాన్ ఎంత కలపాలో పట్టుబట్టి చెప్పింది ఆయనే మరి. పైగా ఈ మూడేళ్ళలో కాలికి ఒక్క బొబ్బ రాలేదు. "మడమ చూడండి, వెన్నముద్ద" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ బూటు విప్పి చూపించేవాడు.

అందరికంటే ఎక్కువ మురిసిపోయింది మిల్లు యజమానురాలు. తండ్రి పోయాక ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి. తండ్రి చెయ్యి పట్టుకుని మిల్లుకొచ్చే రోజుల నుంచీ మాస్టారిని ఎరుగును. తండ్రి పోతూపోతూ ఆమెకు చెప్పింది ఒకటే: అల్లిక యంత్రం అబద్ధం చెప్పినా చెబుతుంది గానీ మాస్టారి కాలు చెప్పదు. ఆ అమ్మాయి డబ్బామీద అచ్చువేయడానికి ఒక మాట సిద్ధం చేసింది: "జీవితాంతం చిరగవు. చిరిగితే కొత్త జత ఊరికే ఇస్తాం." పెద్ద మిల్లులేవీ ఆ మాట అనే సాహసం చేయలేదు. ఇది చిన్న మిల్లు. ఆ మాట నిజమైతే నిలబడుతుంది. అబద్ధమై జతలన్నీ గుట్టలుగా వెనక్కి వస్తే మాత్రం తలుపులు మూసుకోవాల్సిందే. అచ్చుకు మర్నాడు పొద్దున్నే వెళ్ళాలి. మాస్టారు "సరే" అంటే వెళుతుంది.

ఆ సాయంత్రం చివరి తంతుగా తూకం వేశారు. తూకం బల్ల దగ్గర కూర్చునే ఆవిడను అందరూ తూకాలక్క అంటారు. ఎంతమంచి మేజోడైనా అరిగేకొద్దీ తేలికవుతుంది, ఎంత తేలికైందో చూస్తే ఎంత అరిగిందో తెలుస్తుంది. తూకాలక్క ఒక మేజోడు పెట్టింది, తీసింది, పళ్ళెం తుడిచింది, మళ్ళీ పెట్టింది.

"మాస్టారూ, మీ సాక్సు ఒళ్ళు చేసింది."

"అంటే?"

"కొత్తప్పటికంటే బరువుంది. మీతోపాటు అది కూడా పూటపూటా భోంచేస్తోందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. యజమానురాలు కూడా నవ్వి, "గుట్టమీది మట్టి పట్టేసుంటుందిలే అక్కా" అంది. మాస్టారు నవ్వలేదు. మట్టి ఎంత బరువుంటుందో, ఉతికాక ఎంత మిగులుతుందో ఆయనకు తెలుసు.

"మరి రేపు పొద్దున సరే అనేస్తారుగా మాస్టారూ?" అని అడిగింది యజమానురాలు.

"పొద్దున చెబుతానమ్మాయిగారూ" అని, మేజోళ్ళు జేబులో కుక్కుకుని ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, భార్య, భార్య తల్లి. పిల్లలు లేరు, ఉన్న అల్లరంతా ఈ ముగ్గురిదే. అత్తగారు వచ్చి మూడేళ్ళు దాటింది. అంతకుముందు ఆవిడ బట్టలుతికి ఇస్త్రీ చేసే పెద్ద దుకాణం వెనకగదిలో కోట్లకూ స్వెట్టర్లకూ రఫ్ఫు చేసేది. పురుగు కొట్టిన చోట, నిప్పురవ్వ పడిన చోట ఆవిడ సూది తిరిగితే, బట్ట ఎవరిదో వాళ్ళకే జాడ తెలిసేది కాదు. దుకాణం మూతపడ్డాక కూతురు తెచ్చుకుంది. తెచ్చుకుని ఒక కుర్చీ చూపించింది. వంటింట్లోకి వెళితే "నువ్వు కూర్చోమ్మా", చీపురు పట్టుకుంటే "నీకెందుకమ్మా". కూర్చోలేక ఆవిడ పట్టుబట్టి సాధించుకున్న పని ఒకటే, ఉన్నిబట్టలు ఉతకడం. ఉన్ని తన చేతి మాటే వింటుందని ఆవిడ వాదన. వేడినీళ్ళలో వేసి స్వెట్టర్లను చంటిపిల్లల సైజుకు తెచ్చిన చరిత్ర ఉన్న కూతురు ఎదురు చెప్పలేకపోయింది.

మాస్టారు దీపానికి మేజోడు తొడిగాడు. వెలుగు కారలేదు. తిరగేసి తొడిగాడు, అప్పుడూ లేదు. వేలితో తడిమితే గరుకూ లేదు, ముడీ లేదు.

"ఏమండీ, అన్నం చల్లారిపోతోంది. ఆ సాక్సుతో కాపురం రేపు చెయ్యొచ్చు" అంది భార్య.

"కత్తెర ఇటివ్వు."

"కత్తెరెందుకు?"

"కోసి చూస్తాను." పరీక్ష ముగిసిన మేజోడును మడమ నుంచి వేళ్ళదాకా నిలువునా కోసి పొరలు విప్పి చూడటం ఆయన పద్ధతి. ఎప్పుడూ మిల్లులో కోసేవాడు, ఈసారి పొద్దున్నదాకా ఆగలేకపోయాడు.

కుర్చీలో ఉన్న అత్తగారు తలెత్తింది. "బంగారంలాంటి సాక్సు. కోస్తే ఏమొస్తుందల్లుడుగారూ?"

"లోపలేముందో తెలుస్తుందండీ."

"సాక్సు లోపల ఏముంటుంది? మీ కాలుంటుంది."

ఆయన నవ్వి కత్తెర తెరిచాడు. మోకాళ్ళ నొప్పితో ఎప్పుడూ రెండు ప్రయత్నాలు చేస్తేగానీ లేవని మనిషి, ఒక్క ఊపున లేచి వచ్చి ఆయన చేతిలోంచి మేజోడు లాక్కుంది.

"కొయ్యకండి బాబూ! అది నా చేతిపని!"

భార్య ఒక్క క్షణం తల్లినీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు మాస్టారు. భుజాలు ఊగే తీరు చూస్తే నవ్వని తెలిసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అలాంటిది మాస్టారి బల్బుకు ఎలా దొరుకుతుంది!

అత్తగారు చేసిందేమిటంటే, ఉతికిన ప్రతిసారీ తడి మేజోడును కిటికీ వెలుతురులో పట్టి చూసేది. వెలుగు రాబోయే చోటు ఆవిడ కంటికి ముందే తెలిసేది. మిల్లువాళ్ళు రంగు వెలిసిందో లేదో పోల్చుకోవడానికి ప్రతి పరీక్ష జతతో అదే దారపు ఉండ ఒకటి ఇచ్చి పంపుతారు. దాన్ని మాస్టారు అలమరలో పడేసి మర్చిపోయాడు. ఆ దారంతోనే, మిల్లు అల్లిన కుట్టు వెంబడే కుట్టు వేసి, పల్చబడిన చోటునల్లా ఆవిడ మందం చేసేది. మాస్టారు అలమర తీసి చూశాడు. కమలాపండంత ఉండ రేగిపండంత అయింది.

"అత్తయ్యగారూ, మీరు చేసిందేమిటో తెలుసా?" ఆయన గొంతు లేచింది. "మూడు చలికాలాలు నడిచాను. ఆ నడకంతా బూడిదలో పోసిన పన్నీరే! సాక్సు ఎన్నాళ్ళు ఆగుతుందో చూడటం నా ఉద్యోగం!"

"చిల్లు పడేదాకా చూస్తూ ఉండటం కూడా ఒక ఉద్యోగమేనా బాబూ? నేను జన్మంతా చిల్లులు పూడ్చి బతికాను. మీరేమో చిల్లులు పొడిచి బతుకుతున్నారు. ఎంచి ఎంచి సంబంధం చూశాం మా పిల్లకి."

"అమ్మా!" అంది కూతురు, నవ్వు ఆపుకోలేక.

"నువ్వుండవే." ఆవిడ మేజోడును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొంతులో వేళాకోళం పోయింది. "నేనీ ఇంటికొచ్చిన చలికాలం గుర్తుందా? దీనికి ముందు జత అది. మీరొచ్చి బూటు విప్పితే మడమ తోలు లేచిపోయుంది. రక్తానికి సాక్సు అంటుకుపోయింది. మా అమ్మాయి నీళ్ళతో తడిపి తడిపి ఊడదీసింది. ఇంక చాల్లెండి అంటే, గోళీ ఇంకా దూరట్లేదు, ఇంకొన్నాళ్ళు నడవాలి అన్నారు. మర్నాడు గుడ్డ చుట్టుకుని మళ్ళీ వెళ్ళారు. సాక్సు సంగతి మిల్లుకు కావాలి, మీకు కావాలి. కాలి సంగతి ఎవరికి కావాలి? మీ ఉద్యోగం మార్పించలేను. మీ పట్టుదల మార్చడం ఆ బ్రహ్మ వల్ల కూడా కాదు. నా దగ్గర సూది ఉంది. కుట్టాను."

మాస్టారు తన మడమ వైపు చూసుకున్నాడు. ఊరందరికీ విప్పి చూపించిన వెన్నముద్దలాంటి మడమ తన తెలివి వల్ల అలా ఉందనుకున్నాడిన్నాళ్ళూ. సిగ్గేసింది. ఆ సిగ్గు కింద ఇంకోటి ఉంది: తన కాలిని ఇన్నాళ్ళుగా ఒక మనిషి చెప్పకుండా కాపలా కాసిందన్న సంగతి. కోపం ఎటుపోయిందో వెతికినా దొరకలేదు.

అన్నాల దగ్గర భార్య మెల్లగా అంది: "సరే అనెయ్యకూడదూ? అమ్మ కుట్టు ఎవరి కంటికీ ఆనదు. మీరే కనిపెట్టలేకపోయారు."

ఆ మాట ఆయన మనసులో అప్పటికే తిరుగుతోంది. సరే అంటే దండలు, గౌరవం, తన దారం గెలుపు. కాదంటే పదిమందిలో నవ్వులపాలు. అయితే డబ్బా కొన్నవాళ్ళ ఇళ్ళలో ఈ అత్తగారు ఉండదుగా. అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే, అత్తగారు అప్పటికే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికండీ?"

"మిల్లుకి. చేసింది నేను, చెప్పేదీ నేనే."

"చూసుకోవాల్సింది నేను కదండీ. మాటలు నేనే పడతాను."

"చెరిసగం పడదాం పదండి" అంది ఆవిడ.

మిల్లులో మాస్టారు మేజోళ్ళు బల్లమీద పెట్టి, ఎక్కడా తడుముకోకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇంట్లోనే ఉతకాలన్న నియమం తనదేనన్న సంగతి కూడా దాచలేదు. ఆయన ముగించేసరికి తూకాలక్క బల్లమీద తల వాల్చి నవ్వుతోంది. యజమానురాలు నవ్వలేదు. అచ్చుకు సిద్ధం చేసిన అట్ట చేతిలోనే ఉంది. దాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"ఇందులో మా సాక్సు ఎంత మిగిలిందండీ?" అని పెద్దావిడను అడిగింది.

"పైపట్టీ మీదేనమ్మా. పాదం పైభాగమూ మీదే. అడుగంతా నాది."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ, అత్త కుట్టుకు అల్లుడు హామీ ఇవ్వబోవడం ఇప్పుడే చూస్తున్నాను." ఆ అమ్మాయి పెదవి చివర కదిలింది. "అంటే నేను జీవితాంతం అని అచ్చువేస్తే, డబ్బాకొక అత్తగారిని కూడా పెట్టి అమ్మాలన్నమాట."

"నేను ఒక్కదాన్నే ఉన్నానమ్మా. చాలను" అంది పెద్దావిడ.

అప్పుడు నవ్వింది యజమానురాలు. ఆశపడిన మాట పోయిందన్న దిగులు ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. "మా నాన్న చెప్పింది నిజమే, మీ కాలు అబద్ధం చెప్పలేదు. ఎవరో నోరు కుట్టేశారంతే" అంది. "మరి అసలు ఎన్నాళ్ళు వస్తాయి మాస్టారూ?"

"తెలియదమ్మాయిగారూ. మళ్ళీ మొదట్నుంచి నడవాలి."

"ఇన్ని చలికాలాలు ఆగాను, ఇంకొన్ని ఆగలేనా? అయితే ఒకటి, ఆ గోళీ ఇలా ఇచ్చేయండి. మడమ ఎర్రబడిన రోజు సాక్సు పోయినట్టే లెక్క. మా సాక్సు కొన్నవాడు గోళీ పట్టుకుని తిరగడు."

మాస్టారు గోళీ తీసి బల్లమీద పెట్టాడు. దాని పక్కనే అత్తగారు తన సూదుల డబ్బా పెట్టింది. "ఇది కూడా ఇక్కడే ఉంచండమ్మా. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

కొత్త జతతో నడక మొదలైంది. ఆ తర్వాత అత్తగారు పడిన యాతన పగవాళ్ళకు కూడా వద్దు. తడి మేజోడును కిటికీ దగ్గర పట్టి చూసేది, నిట్టూర్చేది, ఆరేసేది. రెండో చలికాలం సగానికి వచ్చేసరికి మాస్టారు దీపం దగ్గర కూర్చుంటే పక్కన చేరేది.

"వెలుగు కారుతోందా?"

"కొద్దిగా."

"కొద్దిగా అంటే? సూదిమొనంతా, ఆవగింజంతా?"

"అత్తయ్యగారూ, పరీక్ష సంగతులు బయటివాళ్ళకు చెప్పకూడదు."

"బయటిదాన్నే మరి. ఉతికేటప్పుడు మాత్రం ఇంటిదాన్ని" అని ముఖం తిప్పుకునేది.

ఆ చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం గుట్ట దిగుతూ, మడమ దగ్గర చురుక్కుమంటే మాస్టారు ఆగాడు. మునుపటి మాస్టారైతే ఇంకో నాలుగు వారాలు నడిచేవాడు. ఈయన నేరుగా మిల్లుకు వెళ్ళాడు. తూకాలక్క తూచి, "హమ్మయ్య, చిక్కింది" అంది. యజమానురాలు డబ్బామీద కొత్త మాట వేయించింది: "రెండు చలికాలాలు గట్టిగా నడుస్తాయి. ఆపైన మడమ చూసుకోండి." ప్రతి జతలో చిన్న దారపు ఉండ ఒకటి పెట్టించింది. ఎందుకని అడిగినవాళ్ళకు, "అత్తగారిని పెట్టలేం కదా, దారం పెట్టాం" అని చెప్పేది. ఆ మాటతో మిల్లు గొప్పదైపోలేదు. మూతా పడలేదు.

తూకం వేసిన ఆ సాయంత్రమే సూదుల డబ్బా, పరీక్ష ముగిసిన మేజోడు తీసుకుని మాస్టారు ఇంటికొచ్చాడు. అత్తగారి ఒళ్ళో రెండూ పెట్టి, "పరీక్ష అయిపోయిందండీ. ఇక మీ ఇష్టం" అన్నాడు. ఇన్నాళ్ళు ఎదురుచూసిన డబ్బా, ఆవిడ మూత తీస్తుందనుకున్నాడు. తియ్యలేదు. రెండూ పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుంది.

"సాక్సు ఎక్కడికీ పోదు. ముందు కాలు చాపండి."

ఆయన కుర్చీ ఎదురుగా కూర్చుని, చంటిపిల్లాడిలా కాలు చాపాడు. ఆవిడ మడమను దీపం వైపు తిప్పి, అటు చూసి, ఇటు చూసి, బొటనవేలితో నొక్కి చూసింది. రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ ఉంది, తోలు మాత్రం ఎక్కడా లేవలేదు.

"ఊఁ" అని కాలు దించి, అప్పుడు సూదిలో దారం ఎక్కించింది.